పునాది దగ్గర ఆగిన ఇల్లూ, ఫోనులో తిరిగే మెసేజూ

ఈ వారంలో ఈ మెసేజ్ రావడం ఇది నాలుగోసారి. మొదట మా బావగారు పంపారు. తర్వాత పదో తరగతి మిత్రుల గ్రూపులో వచ్చింది, ఆ వెనకే ఉదయపు నడక మిత్రుల గ్రూపులో. నిన్న రాత్రి మళ్లీ బావగారే, ఈసారి "చదివావా?" అన్న ప్రశ్న తగిలించి మరీ పంపారు. చదివాను బావగారూ. నాలుగుసార్లూ చదివాను.

చూడనివారి కోసం సారాంశం. ప్రభుత్వ ఇళ్ల పథకాల మీద కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, అంటే ప్రభుత్వ ఖర్చుల లెక్క తనిఖీ చేసే సంస్థ) ఇచ్చే నివేదికలు దండగ, సిఫార్సులు నేరుగా చెత్తబుట్టకే వెళతాయి. కాగ్ తలచుకుంటే నిధులు ఆపవచ్చు, కానీ ఆపదు. ప్రభుత్వం మారితేనే దానికి తప్పులు కనిపిస్తాయి. కట్టామన్న ఇళ్లలో ఫలానా శాతం లేనే లేవు. ఇప్పుడు జియోట్యాగింగ్ వచ్చింది కనుక ఆడిట్ అవసరమే లేదు. ఇక చివరి అంశం, లావుపాటి అక్షరాలతో: అసలు డబ్బు తిన్నది విడత సొమ్ము తీసుకుని ఇల్లు పూర్తిచేయని లబ్ధిదారులే, కాబట్టి ఆడిట్ చేయవలసిన సిఫార్సు ఒక్కటే, వాళ్ల దగ్గర వడ్డీతో సహా వసూలు చేయాలి.

నేను పదకొండేళ్లు పల్లెల్లో ఇళ్లకు కొలతలు తీసి ఎం-బుక్కు, అంటే బిల్లుకు ఆధారమయ్యే కొలతల పుస్తకం, రాసినవాడిని. ఆడిట్ బృందం వచ్చిన రోజుల్లో పాత ఫైళ్లు మోసుకుంటూ వాళ్ల ముందు నిలబడినవాడిని. వాళ్ల మీద నాకు ప్రత్యేకమైన అభిమానమేమీ లేదు. కానీ ఆ చివరి అంశం చూసి ఊరుకోవడం నా వల్ల కాలేదు. దాని దగ్గరికి వెళ్లేముందు మిగతావి వదిలించుకుందాం.

నిధులు ఆపే సంగతి. ఆపే అధికారం కాగ్‌కు లేదు. పేరులో కంప్ట్రోలర్ అని ఉన్నంత మాత్రాన ఖజానా తాళం చేతిలో ఉండదు. ఖర్చయిన తర్వాత లెక్క చూస్తారు. రాజ్యాంగం 151వ అధికరణం ప్రకారం నివేదిక రాష్ట్రపతికో గవర్నరుకో ఇస్తారు, అది చట్టసభ ముందుకు వెళుతుంది. అక్కడ నిలదీయవలసింది మనం ఓటేసి పంపినవాళ్లు. వాళ్లు అడగకపోతే ఆడిటర్‌ను తిట్టడం, దొంగ పడితే కుక్క మొరిగింది గానీ కరవలేదేమని గొలుసుతో కట్టిన కుక్కనే కొట్టడం.

ప్రభుత్వం మారితేనే తప్పులు కనిపించడం గురించి. పల్లె పేదల ఇళ్లకు అప్పట్లో ఉన్న పథకం, ఇందిరా ఆవాస్ యోజన, మీద కాగ్ నివేదిక 2014లో వచ్చింది. అది పరిశీలించినది 2008 నుంచి 2013 దాకా జరిగిన పని. ఐదేళ్ల లెక్క తీసి, రాష్ట్రాలు తిరిగి, శాఖ సంజాయిషీ తీసుకుని, అచ్చు వేసేసరికి మధ్యలో ఎన్నికలు వచ్చాయి. మన దేశంలో ఐదేళ్లలో ఎన్నికలు రాకపోతే ఆశ్చర్యపోవాలి గానీ వస్తే కాదు.

ఆ శాతం అంకె ఏ నివేదికలోదో, ఏ రాష్ట్రానిదో, ఏ ఏడాదిదో రాయలేదు. ఆడిట్ కొన్ని జిల్లాలు, వాటిలో కొన్ని గ్రామాలు ఎంచుకుని చూస్తుంది. అక్కడ తేలిన నిష్పత్తిని దేశమంతటికీ గుణించడం మెసేజ్ రచయిత సొంత గణితం. దాని మీద ఇంతకంటే మాట అనవసరం.

చెత్తబుట్ట సంగతికి కాస్త ఆగాలి, ఎందుకంటే ఇది నిజమని నేనూ చాలాకాలం నమ్మాను. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ మార్గదర్శకాల పుస్తకం మొదటి పేజీలు తిరగేయండి. పాత పథకాన్ని, అంటే ఆ ఇందిరా ఆవాస్‌ను, ఎందుకు మార్చవలసి వచ్చిందో అక్కడే రాశారు. కాగ్ 2014 పరిశీలనలోనూ, ఇతర మదింపుల్లోనూ బయటపడిన లోపాల పట్టిక ఉంటుంది: ఇళ్ల కొరత ఎంతో అంచనా వేయలేదు, లబ్ధిదారుల ఎంపికలో పారదర్శకత లేదు, ఇంటి నాణ్యత తక్కువ, సాంకేతిక పర్యవేక్షణ లేదు, ఇతర పథకాలతో అనుసంధానం లేదు, పర్యవేక్షణ బలహీనం. 2016లో వచ్చిన కొత్త పథకం వీటికి జవాబు చెప్పే ప్రయత్నమే. పేర్లు 2011 సామాజిక ఆర్థిక కులగణన నుంచి తీసుకుని గ్రామసభ ముందు పెట్టాలన్నారు. కనీస వైశాల్యాన్ని 20 చదరపు మీటర్ల నుంచి 25కు పెంచారు. మైదాన ప్రాంతాల్లో 70 వేలు ఉన్న సాయం 1.20 లక్షలైంది. డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాకు వెళ్లే ఏర్పాటు చేశారు. పల్లె మేస్త్రీలకు శిక్షణ పెట్టారు. ఇవన్నీ ప్రతి ఊళ్లో సవ్యంగా నడిచాయని నేను అనను. కానీ చెత్తబుట్టలోంచి ఒక పథకం మొత్తం పుట్టుకొచ్చిందంటే ఆ చెత్తబుట్టను కాస్త గౌరవంగా చూడాలి.

జియోట్యాగింగ్. ఫోటో, దానితో పాటు అక్షాంశ రేఖాంశాలు, తీసిన తేదీ. మంచిదే. ఒకే ఇంటిని రెండు పేర్ల మీద చూపించడం దీనివల్ల కష్టమైంది, ఒప్పుకుంటాను. కానీ ఫోటో దేన్ని చూపిస్తుంది? ముందు వైపు గోడను చూపిస్తుంది. ఒక ఊళ్లో, పూర్తయినట్టు ఫోటో ఎక్కిన ఇంటికి వెళ్లాను. పక్కన మరుగుదొడ్డి. నీలం రంగు తలుపు, దాని మీద లబ్ధిదారు పేరు. తలుపు తీస్తే లోపల బేసిన్ ఉంది, దాని మీద పిడకలు పేర్చి ఉన్నాయి. వెనక్కి వెళ్లి చూస్తే గొట్టం లేదు, గుంట లేదు. అక్షాంశం మాత్రం అక్షరాలా సరిగ్గా ఉంది. సిమెంటు పాలు ఎంత, ఆ పేరుగల మనిషికి ఊళ్లో మరో డాబా ఉందా, ఈ ఇంట్లో ఎవరైనా పడుకుంటున్నారా, ఇవేవీ ఉపగ్రహానికి తెలియవు. వీటికోసం ఒక మనిషి వెళ్లి తలుపు తీయాలి. ఏడాదికి ఒకసారైనా ప్రతి పంచాయతీలో సామాజిక తనిఖీ, అంటే ఊరివాళ్ల ముందే పనినీ లెక్కనూ సరిచూడడం, జరగాలని మార్గదర్శకాలు చెప్పేది అందుకే. ఉపాధి హామీలో 2006 నుంచి సామాజిక తనిఖీ చేసి చూపించిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. మనకు ఇది కొత్త విద్య కాదు.

ఇక లావుపాటి అక్షరాలు.

ఆడిట్ పేరాలు, అంటే వాళ్లు రాసే అభ్యంతరాలు, నేను చాలా చదివాను. జవాబులూ రాశాను. వసూలు చేయమని సాధారణంగా రాసేది అనర్హులకు ఇచ్చిన సొమ్ము గురించి. అంటే అప్పటికే పక్కా ఇల్లు ఉన్నవాడు, ఒకే ఇంటికి రెండుసార్లు తీసుకున్నవాడు. ఆ వాక్యం పక్కనే ఇంకో వాక్యం ఉంటుంది: ఎంపిక చేసిన అధికారుల బాధ్యత నిర్ణయించాలి అని. మెసేజ్ రచయిత మొదటి సగం తీసుకుని, దాన్ని అనర్హుడి మీద నుంచి పేదవాడి మీదకు తిప్పి, రెండో సగం మింగేశాడు. పొరపాటున జరిగిందని నేను అనుకోను. అంత చక్కగా కోత కోయాలంటే కత్తెర పట్టడం తెలిసి ఉండాలి.

ఇల్లు పునాది దగ్గర ఎందుకు ఆగుతుందో చెబుతాను. నల్లరేగడి నేల చూశారా? వేసవిలో పాదం పట్టేంత బీటలు ఇస్తుంది, వానలో ఉబ్బుతుంది. ఎర్రనేలలో రెండు మూడు అడుగులతో సరిపోయే పునాది అక్కడ గట్టినేల తగిలేదాకా తవ్వాలి. మైదానంలో ఇచ్చే 1.20 లక్షలు మాత్రం రెండు నేలలకూ ఒకటే. మంజూరు కాగానే వచ్చే మొదటి విడత మొత్తం భూమిలోకి వెళ్లిపోతుంది, పైకి ఒక్క ఇటుకా కనిపించదు. ఫోటోలో గడ్డి మొలిచిన బేస్‌మెంట్ కనిపిస్తుంది. "తినేశారు" అంటాం. తెలంగాణలో ఇప్పటి ఇందిరమ్మ ఇంటికి సాయం 5 లక్షలు, అది మెరుగే. కానీ మొదటి లక్ష బేస్‌మెంట్ పూర్తయ్యాకే వస్తుంది. అంటే రోజు కూలీ మొదట ఒక లక్ష తెచ్చి పెట్టాలి. ఎక్కడి నుంచి తెస్తుందో మనందరికీ తెలుసు, నూటికి మూడు వడ్డీ. మెసేజ్ ఆ వడ్డీ మీద ఇంకో వడ్డీ వేయమంటోంది.

నా ఎం-బుక్కులోనే ఒకావిడ ఉంది. భర్త లేడు, ఇద్దరు పిల్లలు, పత్తి చేలల్లో కూలి. బేస్‌మెంట్ లేపింది. నేను వెళ్లి కొలిచాను, సంతకం పెట్టాను. బిల్లు వెళ్లింది. ఆధార్ ఆమె ఎప్పుడో తెరిచి మరిచిపోయిన వేరే ఖాతాకు ముడిపడి ఉంది, డబ్బు వెనక్కి వెళ్లింది. ఈ సంగతి ఆమెకు తెలియడానికి రెండు నెలలు, సరిచేయడానికి మరో ఐదు. ఈలోగా మేస్త్రి వేరే ఊరి పనికి వెళ్లిపోయాడు. అప్పు చేసి తెచ్చిన సిమెంటు నాలుగు బస్తాలు పట్టా కింద తేమకు గడ్డకట్టాయి. తర్వాత నేను వెళ్లేసరికి అవి బస్తా ఆకారంలో నాలుగు రాళ్లు, వాటి మీద ఆమె అంట్లు బోర్లించింది. మూలన లేచిన ఇనుప చువ్వలకు తాడు కట్టి బట్టలు ఆరేసింది. పక్కనే పాత పాక. ఉపాధి హామీ కింద ఇంటి పనికి రావలసిన 90 రోజుల కూలి అప్పటికీ రాలేదు. కార్యాలయం జాబితాలో ఆమె పేరు ఉన్న వరుస ఏదో తెలుసా? "నిర్మాణం పట్ల ఆసక్తి చూపనివారు."

పర్యవేక్షణ మెరుగుపడాలంటే చూడవలసింది ఇక్కడ. కొలత తీసిన తేదీ, బిల్లు పంపిన తేదీ, ఖాతాలో పడిన తేదీ. ఈ మూడు తేదీలు ప్రతి ఇంటికీ పక్కపక్కన వేసి పంచాయతీ గోడ మీద రాయమనండి. ఎవరు ఎక్కడ నిద్రపోయారో ఊళ్లో చదువురానివారికి కూడా ఎవరో ఒకరు చదివి చెబుతారు. ఆడిట్ ఆలస్యాలను ఎత్తిచూపిన పేరాలు మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు, వాటిలో తిట్టడానికి పేదవాడు దొరకడు కదా.

ఒక్కచోట మాత్రం మెసేజ్‌తో కాకపోయినా, దాన్ని పంపేవాళ్ల చిరాకుతో నేను ఏకీభవిస్తాను. ఆడిట్ నిబంధన ఎలా ఉంటే అలాగే కొలుస్తుంది. చాలా ఏళ్లపాటు ఇంట్లో మోటారు సైకిలు ఉన్నా, ఫ్రిజ్ ఉన్నా, ల్యాండ్‌లైన్ ఫోను ఉన్నా ఇంటి పథకానికి అనర్హులే. పాత బండి మీద కూరగాయలు అమ్ముకునేవాడు కూడా ఆడిట్ కంట్లో అనర్హుడే. 2024లో కేంద్రం ఆ షరతులు తీసేసింది. అంతకుముందు అలాంటివాళ్ల మీద రాసిన అభ్యంతరాలకు జవాబు రాస్తూ నేను సిగ్గుపడ్డాను. ఇంకో సంగతి, ఇది నా మీదే: ఒక మార్చి నెలాఖరున, లక్ష్యం పూర్తికావాలని పైనుంచి ఫోను మీద ఫోను వస్తుంటే, వెళ్లకుండానే రెండు ఇళ్లకు కొలతలు రాశాను. ఆడిట్ బృందం ఆ పేజీలు తిరగేసి టిక్కు పెట్టి వెళ్లిపోయింది. వాళ్లూ వెళ్లి చూడలేదు. ఆ రెండు ఇళ్లూ తర్వాత పూర్తయ్యాయి, అది నా అదృష్టం మాత్రమే.

చివరిగా బావగారికి. 2011లో మీరు బ్యాంకు అప్పుతో ఇల్లు మొదలుపెట్టారు. లింటెల్ దగ్గర పదకొండు నెలలు ఆగింది. బ్యాంకు ఇంజనీరు వచ్చి చూడనిదే తరువాతి విడత ఇవ్వనన్నారు, ఆయన సెలవులో ఉన్నారు, ఇసుక దొరకలేదు, అక్కయ్యకు ఆపరేషన్ అయింది. కిటికీల ఖాళీల్లో గోనెపట్టాలు కట్టి ఉండేవి. ఆ పదకొండు నెలల్లో ఆ దారిన పోయే ప్రతివారూ మిమ్మల్ని "పాపం, ఎక్కడి దాకా వచ్చింది ఇల్లు?" అని మాత్రమే అడిగారు.