కొమ్మ అడ్డొస్తోంది సార్!

ఫొటోగ్రఫీకి వెలుతురు ముఖ్యమని పాతవాళ్లు చెప్పారు. పాపం, వాళ్లకు కత్తెర సంగతి తెలియదు.

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే మా ఊరి చెరువు గట్టు మీద ఒకాయన కెమెరా బ్యాగు జిప్పు లాగారు. ముందుగా బయటికొచ్చింది గులాబీ మొక్కలకు వాడే కొమ్మల కత్తెర. ఆ తర్వాత, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తి తీస్తే, 600 ఎంఎం లెన్సు. ఎఫ్4. మూడు కిలోల బరువు, పది లక్షల పైమాట. ఒంటి మీద అడవి రంగు చొక్కా, అడవి రంగు ప్యాంటు, అడవి రంగు టోపీ. కాళ్లకు మాత్రం నారింజ రంగు బూట్లు. నా మెడలో వేలాడుతున్న సెకండ్ హ్యాండ్ 150-600 లెన్సు వంక చూసి, పెళ్లిచూపుల్లో అబ్బాయి జీతం అడిగినట్టు, "6.3నా?" అన్నారు. లెన్సు కన్ను ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె అది, అంకె పెరిగితే కన్ను చిన్నది. అవునన్నాను. "దాంతో బ్యాక్‌గ్రౌండ్ పోదండీ" అని జాలిపడ్డారు.

బ్యాక్‌గ్రౌండ్ పోవడానికి పది లక్షలు అక్కర్లేదు, బోర్లా పడుకుంటే చాలు. కెమెరాను పిట్ట కంటి ఎత్తుకు దించితే వెనకున్న గడ్డీ గట్టూ ఎక్కడికో దూరం జరిగిపోయి 6.3లో కూడా వెన్నలా కరుగుతాయి. పాత జీన్స్ కాలొకటి కత్తిరించి, రెండు కిలోల శనగలు పోసి కుడితే లెన్సు కింద పెట్టుకునే దిండు తయారు. 600 ఎంఎం చేత్తో పట్టుకుని తీసేటప్పుడు షట్టర్ వేగం సెకనులో 1/600 వంతు కన్నా తగ్గకూడదు. ఎగిరే పిట్టకైతే 1/2000 దాటాల్సిందే. వెలుతురు చాలక కెమెరా సున్నితత్వం, అదే ఐఎస్ఓ, పెరిగి ఫొటోలో గరుకు చుక్కల నాయిస్ వస్తే రానివ్వండి, వణికిన ఫొటో కన్నా అదే నయం. కానీ ఇవన్నీ బురద అంటే పనులు. అంత ఖరీదైన టోపీకి బురదేమిటి, తప్పు కాదూ?

ఆయన పద్ధతి వేరు. చెరువు పక్క పొదల్లో పొన్నంగి పిట్ట ఉందని ఎవరో వాట్సాప్‌లో పెట్టారట. దాన్ని రప్పించడానికి బ్లూటూత్ స్పీకర్ తెచ్చారు. రికార్డు చేసిన కూత వినగానే ఇంకో మగపిట్ట తన చోటు లాక్కోడానికి వచ్చిందనుకుని, మేత మానేసి కొట్లాటకు వస్తుంది. అప్పుడు టపటపా తీసుకోవడమే. మన గేటు ముందు ఎవడో రోజంతా నిలబడి "ఈ ఇల్లు నాది" అని అరుస్తుంటే, మనం లుంగీ ఎగ్గట్టి బయటికి రాగానే "అబ్బ, ఏం ఎక్స్‌ప్రెషన్!" అని ఫొటో తీసినట్టన్నమాట.

ఆ రోజే గట్టుకు అటువైపు ఒక ప్రీవెడ్డింగ్ షూట్ దిగింది. డ్రోను, రంగు పొగ గొట్టాలు, గుర్రపుడెక్క మీద ఈడ్చుకొస్తున్న ఎర్ర గౌను, దాని కొస పట్టుకోవడానికి ఇద్దరు కుర్రాళ్లు. వాళ్లకూ ఒక స్పీకరు. ఈయన ఫోను పొరపాటున ఆ స్పీకరుకు కనెక్ట్ అయింది. పొన్నంగి కూత వినే ఉంటారు, రెండు స్వరాల ఈల, వీధి చివర పోకిరీ వేసినట్టే ఉంటుంది. పెళ్లికూతురు సిగ్గుపడుతూ వెనక్కి తిరిగే షాట్‌లో ఆ ఈల చెరువంతా మోగింది. పెళ్లికూతురి అన్న కుర్చీలోంచి లేచాడు. "ఎవడ్రా అది?" మళ్లీ ఈల. ఈయన పొదలో నక్కి, తన స్పీకరు ఎందుకు పలకడం లేదో అర్థంకాక వాల్యూమ్ పెంచుతున్నారు. ఈల. అన్న చెప్పు తీశాడు. ఫొటోగ్రాఫర్ మాత్రం, "సూపర్ సార్, ఆ కోపం నేచురల్‌గా ఉంది, వన్స్ మోర్!" పొన్నంగి రాలేదు. ఆ పొదల్లోకి వచ్చిన ప్రాణి అన్న ఒక్కడే.

ఆ ఫొటోగ్రాఫర్ పదకొండింటి ఎండలో కూడా తీస్తూనే ఉన్నాడు, ఇద్దరి కళ్ల కిందా బొగ్గు పూసినంత నీడ. పక్కనే రావిచెట్టు ఉంది. దాని నీడ అంచున నిలబెట్టి, టీవీ డబ్బాలో వచ్చిన థర్మాకోల్ షీటు ఒకటి మొహం వైపు తిప్పితే కళ్లల్లో వెలుగు చుక్క పడుతుంది. ఖర్చు సున్నా. అందుకే ఎవరూ చేయరు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. చెప్పు తప్పించుకున్నాక ఆయనకు సర్కారు తుమ్మ పొదలో పిగిలిపిట్ట గూడు కనబడింది. కళ్లు కూడా తెరవని మూడు పిల్లలు. "కొమ్మ అడ్డొస్తోంది సార్" అంటూ కత్తెర తీశారు. వద్దండీ అన్నాను. "రెండు కొమ్మలేగా" అన్నారు. రెండు కాదు, ఏడు. నేను లెక్కపెట్టాను. ఆ కొమ్మలు అడ్డు కాదు మహాప్రభో, ఆ ఇంటికి కప్పు! ఎండ తగలకుండా, కాకి కంట పడకుండా ఆ తల్లి వెతికి వెతికి ఎంచుకున్న కప్పు. తల్లి నోట్లో పురుగుతో కరెంటు తీగ మీద అటూ ఇటూ గెంతుతోంది. గూటికి మూడడుగుల దూరంలో ఈయన. బుధవారం వెళ్లి చూశాను. గూడు ఉంది. అంతే ఉంది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 'వేట' అన్న మాటకు ఇచ్చిన అర్థంలో పక్షుల గూళ్లను, గుడ్లను చెదరగొట్టడం కూడా ఉంది. తుపాకీ ఉండాలని ఎక్కడా రాయలేదు. శ్రీ సత్యసాయి జిల్లా చిలమత్తూరు దగ్గర వీరాపురంలో కొంగలు ఇళ్ల మధ్య చింతచెట్ల మీద గూళ్లు కడితే, ఊరివాళ్లు రెట్టల కంపు భరించి చుట్టాల్లా చూసుకుంటారు. వాళ్లను ఎవరూ నేచర్ లవర్స్ అనరు. ఆ బిరుదు ఈయన కారు వెనక అద్దం మీద ఉంది.

ఫొటో గురువారం వచ్చింది. 'తల్లి ప్రేమ' అని పేరు, మూడు ఎర్ర గుండెలు. బ్యాక్‌గ్రౌండ్ నిజంగానే పోయింది.

నిన్న ఫోన్ చేశారు. "మీ వైపు గిజిగాడి గూళ్లు ఉన్నాయట, లొకేషన్ పెట్టండి సార్." వెంటనే పెట్టాను. ఊరవతల మునిసిపాలిటీ చెత్త పోసే చోటు. ఉదయం ఐదింటికే వెళ్లమన్నాను, బోర్లా పడుకుంటే బ్యాక్‌గ్రౌండ్ బాగా వస్తుందన్నాను.