ఆ సుద్దముక్కంత రాయిని ఎవరు తెస్తారు?

ఎక్కడో ఒక గ్రహం మీద జీవం జాడ దొరికిందన్న వార్త తరచూ వస్తూనే ఉంటుంది. రెండు రోజులు హడావిడి. తర్వాత ఇంకో బృందం అదే డేటాను మళ్లీ లెక్కేసి, అంత సీన్ లేదంటుంది. 2020లో శుక్రుడి మీద ఫాస్ఫీన్ అనే వాయువు ఉందన్నారు. 2025 ఏప్రిల్‌లో 124 కాంతి సంవత్సరాల దూరంలోని కే2-18బి గ్రహం మీద డైమిథైల్ సల్ఫైడ్ ఆనవాలు ఉన్నట్టుందన్నారు. రెండూ ఇప్పటికీ తేలలేదు, ఇప్పట్లో తేలేలానూ లేవు. అంత దూరం నుంచి వచ్చే పిసరంత కాంతిని విడగొట్టి చూస్తే తెలిసేది అంతే. అందులో కే2-18బిని చూసిన జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు తప్పేమీ లేదు.

ఈ గోలలో అసలు వార్త పక్కకు పోయింది. 2024 జులైలో అంగారకుడి మీద, ఎప్పుడో నీళ్లు పారిన నెరెట్వా వల్లిస్ లోయలో, నాసా పంపిన పర్సెవరెన్స్ రోవర్ ఒక రాయిని తొలిచి సుద్దముక్కంత నమూనా తీసుకుంది. రాయి పేరు చెయావా ఫాల్స్, అందులోంచి తీసిన ముక్క పేరు సఫైర్ కాన్యన్. ఆ రాయి నిండా చిరుతపులి ఒంటి మీద ఉండేలాంటి మచ్చలు. ఆ మచ్చల్లో వివియనైట్, గ్రైగైట్ అనే ఖనిజాల గుర్తులున్నాయి. మొదటిది ఇనుము, ఫాస్ఫేట్ కలిసింది, రెండోది ఇనుము, గంధకం కలిసింది. ఆ బురదరాయిలో సేంద్రియ కర్బనం కూడా ఉంది. భూమి మీదైతే, బురదలో సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని తిని బతికే చోట ఈ ఖనిజాలు పుడతాయి. జీవంతో పని లేకుండా, వేడి వల్ల కూడా ఏర్పడొచ్చు. కానీ ఈ రాయి అంతగా కాగిన గుర్తులేవీ కనిపించలేదు. 2025 సెప్టెంబర్‌లో ఈ వివరాలు నేచర్ పత్రికలో వచ్చినప్పుడు, అంగారకుడి మీద జీవాన్ని కనుక్కోవడానికి మనం ఇంత దగ్గరగా ఎప్పుడూ రాలేదేమోనని నాసా తాత్కాలిక అధిపతే అన్నారు.

అంతకు నాలుగు నెలల ముందే, ఆ ముక్కను భూమికి తెచ్చే మార్స్ శాంపిల్ రిటర్న్ ప్రాజెక్టును రద్దు చేద్దామని అదే అమెరికా ప్రభుత్వం బడ్జెట్‌లో ప్రతిపాదించింది. ఈ శతాబ్దంలో అంతరిక్ష పరిశోధన విషయంలో ఇంతకన్నా తెలివితక్కువ ఆలోచన నాకైతే కనిపించలేదు.

రోవర్ అక్కడే ఉంది కదా, దాని పరికరాలతోనే చూసుకోవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. రోవర్ తాను అడగబోయే ప్రశ్నలన్నీ భూమి మీదే రాసుకుని బయల్దేరుతుంది. అక్కడికెళ్లాక కొత్త ప్రశ్న పుడితే దాని దగ్గర పరికరం ఉండదు. 1976లో అంగారకుడి మీద దిగిన వైకింగ్ ల్యాండర్లకు జరిగింది ఇదే. ఒక ప్రయోగం జీవం ఉందన్నట్టు ఫలితమిచ్చింది, ఇంకో పరికరం సేంద్రియ పదార్థమే కనబడలేదంది. ఆ మట్టిలో పెర్క్లోరేట్ అనే లవణం ఉండొచ్చని, వేడి చేస్తే అది సేంద్రియ పదార్థాన్ని కాల్చేస్తుందని అప్పుడు ఎవరికీ తట్టలేదు. 2008లో ఫీనిక్స్ ల్యాండర్ వెళ్లి పెర్క్లోరేట్‌ను కనుక్కుంది. ఒక్క అనుమానం తలెత్తడానికే 32 ఏళ్లు పట్టిందన్నమాట. చేతిలో మట్టి ఉండి ఉంటే మర్నాడే ఇంకో పరీక్ష చేసేవాళ్లు.

రాయి చేతికొస్తే ఏం జరుగుతుందో బెన్నూ అనే గ్రహశకలం చూపించింది. నాసా ఒసైరిస్-రెక్స్ నౌక 2020 అక్టోబర్‌లో దాన్ని తాకి, 2023 సెప్టెంబర్‌లో 121.6 గ్రాముల మట్టిని యూటా ఎడారిలో దించింది. మూతకున్న 35 బిగింపుల్లో రెండు మొరాయించాయి. వాటిని విప్పడానికి కొత్త పనిముట్లు తయారుచేసుకుని మూత తీసేసరికి 2024 జనవరి వచ్చింది. వందల కోట్ల మైళ్లు తిరిగొచ్చిన డబ్బా మూత దగ్గర ఆగిపోవడం చూసి నవ్వుకున్నవాళ్లున్నారు. లోపల దొరికింది మాత్రం నవ్వులాట కాదు. భూమి మీది జీవం ప్రోటీన్లకు వాడుకునే 20 అమైనో ఆమ్లాల్లో 14 అందులో ఉన్నాయి. డీఎన్ఏ, ఆర్ఎన్ఏ రాతకు అక్షరాల్లాంటి 5 బేస్‌లూ ఉన్నాయి. అమ్మోనియా ఉంది. ఉప్పునీరు మెల్లగా ఆవిరైతే మిగిలే లవణాలు కూడా ఉన్నాయి. అంటే బెన్నూ ఏ పెద్ద శకలం నుంచి విడిపోయిందో, దాని లోపల ఒకప్పుడు ఉప్పునీటి మడుగులు ఉండేవన్నమాట.

ఆ లవణాల్లో కొన్ని భూమి గాలి తగిలితే నిలవవు. ఉల్కలు ఎన్ని పడినా, మన తేమకు, వానకు ఆ లవణాలు చెరిగిపోతాయి. నైట్రోజన్‌లో భద్రంగా దాచి తెరిచారు కాబట్టే కనిపించాయి. ఇంకో సంగతి. అమైనో ఆమ్లాలు మన రెండు చేతుల్లా ఎడమ, కుడి రూపాల్లో ఉంటాయి. మన జీవం దాదాపుగా ఎడమవాటినే వాడుతుంది. ఆ అలవాటు గ్రహశకలాల నుంచే వచ్చి ఉంటుందని చాలామంది నమ్మారు. బెన్నూలో మాత్రం రెండూ ఇంచుమించు సమానంగా కనిపించాయి. ఎన్నో ఏళ్లుగా చెప్పుకుంటున్న ఆలోచనకు చెంచాడు మట్టి ఎసరు పెట్టింది. ఏ టెలిస్కోపు ఈ పని చేయగలదు?

చంద్రుడి సంగతి చూడండి. 1969-72 మధ్య అపోలో తెచ్చిన 382 కిలోల రాళ్ల వయసు కొలిచాక, ఎంత పాత నేల మీద ఎన్ని ఉల్కా గుంటలు పడతాయన్న లెక్క కుదిరింది. ఇవాళ బుధుడి మీద, అంగారకుడి మీద ఫలానా మైదానం ఇన్ని కోట్ల ఏళ్లదని చెబుతున్నది ఆ లెక్కను ఆధారం చేసుకునే. 2020లో చైనా చాంగే-5 తెచ్చిన రాళ్లు 200 కోట్ల ఏళ్ల నాటివని తేలింది. అప్పటికే చల్లబడి ఉండాల్సిన చంద్రుడి మీద ఇంకా లావా పారుతోందని అప్పుడు అర్థమైంది. 2024లో చాంగే-6 చంద్రుడి అవతలి వైపు నుంచి 1,935 గ్రాములు తెచ్చింది. ఆ వైపు మట్టి మనిషి చేతికి రావడం అదే మొదలు.

ఏఎల్‌హెచ్ 84001 అనే ఉల్కలో జీవం ఆనవాళ్లున్నాయంటూ 1996లో లేచిన గొడవను ఇక్కడ ఎవరో ఒకరు గుర్తు చేస్తారు. అంగారకుడి నుంచి వచ్చిన ఆ ఉల్క ల్యాబులోనే ఉంది కదా, అయినా వాదన ఆగిందా అంటారు. అది అడ్రస్ లేని ఉత్తరం. ఏ లోయ నుంచి ఎగిరిపడిందో తెలియదు, అంటార్కిటికా మంచులో 13 వేల ఏళ్లు నానింది. అయినా 2022లో కొత్త పరికరాలతో చూసి, అందులోని సేంద్రియ పదార్థం నీరు, రాయి కలిసిన చర్యల్లో పుట్టిందని ఒక బృందం చూపించింది. చేతిలో ఉంది కాబట్టే పాతికేళ్ల తర్వాత కూడా మళ్లీ చూడగలిగారు. సఫైర్ కాన్యన్‌కైతే అడ్రస్ ఉంది, పొర తెలుసు, పక్కన ఏముందో ఫోటోలున్నాయి. గంధకాన్నే తీసుకోండి. దాని పరమాణువుల్లో కొన్ని తేలిక, కొన్ని బరువు. సూక్ష్మజీవులు తేలికవాటిని ఇష్టపడతాయి. మచ్చ అంచున, వెంట్రుకకన్నా సన్నని చోట ఆ తేడాను కొలవాలంటే గది నిండా పట్టే యంత్రం కావాలి. దాన్ని రోవర్ మీద ఎక్కించలేం.

ఈ ప్రాజెక్టు వద్దనేవాళ్ల వాదన ఖర్చు. నిజమే, ఖర్చు చేయి దాటింది. 2023లో స్వతంత్ర సమీక్షా మండలి 800 నుంచి 1,100 కోట్ల డాలర్లన్నది. తర్వాత, 2040 దాకా నమూనాలు రావన్నారు. కానీ 2025 జనవరిలో నాసాయే దారి మార్చి, 580 నుంచి 770 కోట్ల డాలర్ల మధ్య తెమిలే రెండు మార్గాలు చూపింది. రేపు మనుషులే వెళ్తారు, వాళ్లే తెస్తారన్న మాట మరీ విడ్డూరం. అంగారకుడి మీద ఇప్పటిదాకా మనిషి కాలు పెట్టిందీ లేదు, ఎప్పుడు పెడతాడో తేదీ లేదు. పైగా మనిషి అంటేనే సూక్ష్మజీవుల మూట. జీవం కోసం వెతికే చోటికి ముందు ఆ మూటను దించుతామా?

నాకు అర్థమైనంతలో ఇది డబ్బు సమస్యకన్నా అలవాటు సమస్య. రాకెట్ ఎగరేయడం పండగ. పొగ, మంట, చప్పట్లు, టీవీలో లైవ్. తెచ్చినదాన్ని భద్రపరచడం, ముక్కలు కోయడం, పదేళ్లు చదవడం గుమాస్తా పనిలా కనిపిస్తుంది. అందుకే కోత పడాల్సి వస్తే కత్తి ముందు దీని మీదికే వస్తుంది. అపోలో కాలం వాళ్లకు ఈ పని విలువ తెలుసు. 1972లో అపోలో 17 చంద్రుడి మీద సీలు వేసిన ఒక గొట్టాన్ని యాభై ఏళ్లు అలాగే ఉంచి 2022లో తెరిచారు. తెరిచిన చేతుల్లో కొన్ని సీలు వేసేనాటికి పుట్టనే లేదు. చంద్రుడి అగ్నిపర్వతాల గాజు పూసల్లో నీటి జాడ 2008లో బయటపడింది. ఆ పూసలు అన్నేళ్లూ బీరువాలోనే ఉన్నాయి, కొలిచే పరికరమే ఆలస్యంగా వచ్చింది. బెన్నూ మట్టిలో కనీసం 70 శాతాన్ని కూడా ఇలాగే రాబోయేవాళ్ల కోసం పక్కన పెట్టారు. దేశాలు అంతరిక్షంలో తమ ఘనతను ప్రయోగాల సంఖ్యతో లెక్కేసుకోవడం ఆపి, దాచుకున్న నమూనాలతో, వాటిని చదివే ల్యాబులతో లెక్కేసుకుంటే బడ్జెట్ల రూపమే మారిపోతుంది.

చైనా తియాన్‌వెన్-3ని 2028 ప్రాంతంలో పంపి, 2031 నాటికి కనీసం 500 గ్రాముల అంగారక మట్టి తేవాలని చూస్తోంది. తేనివ్వండి, ఎవరు తెచ్చినా మంచిదే. కానీ అది తాను దిగిన చోటు నుంచి తెస్తుంది, ఈ చిరుత మచ్చల రాయిని కాదు.

అందుకే అన్నిటికన్నా ముందు జరగాల్సిన పని ఒకటుంది. 2022 డిసెంబర్ నుంచి 2023 జనవరి దాకా రోవర్ త్రీ ఫోర్క్స్ అనే చదునైన చోట 10 నమూనా ట్యూబులను ఒక్కొక్కటిగా పెట్టింది, ఎప్పుడైనా ఎవరైనా వచ్చి తీసుకుంటారని. సఫైర్ కాన్యన్ ఆ తర్వాత తీసినది కాబట్టి వాటిలో లేదు, రోవర్ కడుపులో ఉంది. దాన్ని మోసుకుంటూనే రోవర్ 2024 డిసెంబర్‌లో జెజెరో బిలం అంచు ఎక్కింది. ఏదో ఒక రోజు రాళ్ల మధ్య చక్రాలు ఆగిపోతే, వెతుక్కుంటూ వచ్చేవాళ్లు అక్కడిదాకా ఎక్కాలి. ఆ ట్యూబును ఇప్పుడే ఒక ల్యాండర్ దిగగలిగే చోట కింద పెట్టి, ఆ చోటును మ్యాపులో గుర్తించాలి. ఇందుకు కొత్త రాకెట్ అక్కర్లేదు. త్రీ ఫోర్క్స్‌లో 10 సార్లు చేసిన పనే, పదకొండోసారి.