వేలిముద్ర వేయండి, వందనాలు

మా వైపు ఒక క్రైస్తవ సేవా సంస్థలో రెండేళ్లు వాలంటీరుగా తిరిగాను. పేరు చెప్పను, చెప్తే రేపు చుట్టాల పెళ్లిళ్లలో నా పక్క కుర్చీ ఖాళీగా ఉంటుంది. క్రిస్మస్‌కి ముందు ఒకరోజు అందర్నీ హాల్లో కూర్చోబెట్టి, ప్రార్థన చేసి, పదకొండు పేజీల ప్రవర్తనా నియమావళి చేతిలో పెట్టి సంతకం పెట్టమన్నారు. మొత్తం ఇంగ్లీషే. వంట చేసే అక్కకి తెలుగు చదవడం కూడా రాదు. "పైవన్నీ చదివి, అర్థం చేసుకుని, ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటున్నాను" అన్న లైను కింద ఆవిడ వేలిముద్ర వేసింది, వేసి చీరకి తుడుచుకుంది.

ఇలాంటివి ఎందుకండీ, దేవుడి భయం చాలదా అనేవాళ్లతో నేను ఏకీభవించను. 2010 భూకంపం తర్వాత హైతీలో సాయం చేయడానికి వెళ్లిన ఆక్స్‌ఫామ్ అనే బ్రిటిష్ సహాయ సంస్థ ఉద్యోగులు కొందరు అక్కడి ఆడవాళ్లకి డబ్బిచ్చి వెలగబెట్టిన పని 2018లో బయటపడింది కదా. సేవ చేసేవాళ్లకి కూడా రూల్స్ ఉండాల్సిందే. అందుకే ఈ నియమావళిని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను, ముఖ్యంగా మొదటి పేజీని.

మొదటి పేజీలో ఏముందంటే, ఇవి స్టాఫ్‌కీ వాలంటీర్లకీ వర్తిస్తాయని. ఎంత ముందుచూపో చూడండి. అయ్యగారు స్టాఫ్ కాదు, ఫౌండర్. అమ్మగారు స్టాఫ్ కాదు, సెక్రటరీ. అయ్యగారి బావమరిది ట్రెజరర్. దీన్ని కొందరు కుటుంబ పాలన అంటారు గానీ, యేసు పన్నెండుమంది శిష్యుల్లో డబ్బు సంచి మోసిన యూదా చివరికి ఆయన్నే పట్టించాడని తెలిసినవాళ్లు అనరు. అంత అనుభవం అయ్యాక కూడా సంచిని బయటివాడి చేతిలో పెడతామా?

సంస్థ ఆస్తిని సొంతానికి వాడుకోకూడదు అని ఇంకో రూలు. దీన్ని చాలా గట్టిగా అమలు చేశారు. మిగిలిన సాంబారు టిఫిన్ డబ్బాలో పోసుకుని ఇంటికి తీసుకెళ్తున్న మన వంటక్కని గేటు దగ్గర ఆపి మెమో ఇచ్చారు. ఇంగ్లీషులోనే. దాన్ని డ్రైవర్ తమ్ముడు చదివి చెప్పాడు, అదీ అప్పుడే విజయవాడలో అయ్యగారి మేనకోడలి పెళ్లికి చుట్టాల్ని దించి, సంస్థ ఇన్నోవా గేటు లోపలికి తెచ్చి పెట్టాక. ఆ డీజిల్ ఏ పద్దులో పడిందని అడక్కండి. 2020లో విదేశీ విరాళాల్ని నియంత్రించే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం మార్చి, విదేశీ విరాళాల్లో ఆఫీసు ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి కోసేశాక పాపం ప్రతి ప్రయాణమూ గ్రామ సేవే అయిపోయింది. విజయవాడ కూడా ఒకప్పుడు గ్రామమే కదా!

లైంగిక వేధింపుల మీద కూడా ఒక పేజీ ఉంది. 2013 చట్టం ప్రకారం పదిమందికి తగ్గకుండా పనిచేసే చోట కమిటీ ఉండాలి, మహిళ అధ్యక్షత వహించాలి, బయటి సభ్యులు ఒకరుండాలి. మాకు అన్నీ ఉన్నాయి. అధ్యక్షురాలు అమ్మగారు. బయటి సభ్యురాలు అమ్మగారి చెల్లెలు, ఆవిడ తెనాలిలో ఉంటారు కాబట్టి బయటి మనిషే. ఫిర్యాదుల పెట్టె తాళంచెవి అయ్యగారి జేబులో భద్రంగా ఉంది. ఇప్పటిదాకా ఒక్క ఫిర్యాదు కూడా రాలేదని వార్షిక నివేదికలో గర్వంగా రాసుకున్నాం.

అసలు ఈ నియమావళి లేకపోవడం వల్ల పాతకాలం వాళ్లు ఎంత నష్టపోయారో! 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకి పనిచ్చి కూలి ఇచ్చాడు. బాప్తిస్మం ఇమ్మని జనం అడుగుతున్నా కరువు తీరేదాకా ఇవ్వలేదు, కూటి కోసం వచ్చారో దేవుడి కోసం వచ్చారో తేలాలని. ఆ తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా ట్రెజరర్ గారికి ఈ సంగతి చెప్తే నివ్వెరపోయారు. "అంతమంది ఆకలితో క్యూలో ఉంటే ఒక్క బ్యానర్ కూడా కట్టలేదా?" అన్నారు.

బ్యానర్ అంటే గుర్తొచ్చింది. పిల్లల గౌరవం కాపాడాలి, అనుమతి లేకుండా ఫొటోలు తీయకూడదు అని ఎనిమిదో పేజీలో ఉంది. రక్షణ, సంరక్షణ అవసరమైన పిల్లల్ని గుర్తుపట్టే వివరాలు బయటపెట్టకూడదని 2015 బాలల న్యాయ చట్టం కూడా చెప్తోంది. ముసలివాళ్ల గురించి మాత్రం ఎక్కడా లేదు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్నారు, నిజమే, కెమెరాకి తెలియకూడదని అనలేదుగా.

ఆ క్రిస్మస్‌కి దుప్పట్లు పంచాం. ఒక్కో దుప్పటికి ఎనిమిది చేతులు, వాటిలో ఏడు ఇచ్చేవాళ్లవి. ఒక అవ్వ వంతు వచ్చేసరికి అయ్యగారు కళ్లు మూసుకున్నప్పుడు ఫొటో పడింది. మళ్లీ తీయాలన్నారు. నేను అవ్వ చేతిలోంచి దుప్పటి తీసుకుని, మడత సరిచేసి, అయ్యగారి చేతికిచ్చాను. అందరూ మళ్లీ చేతులేశారు. అవ్వ మొహం వెలిగిపోయింది.

"ఇది రెండోదా నాయనా? మా కోడలికా?"

"కాదవ్వా," అన్నాను, "ఇదీ మొదటిదే."