ఆ కౌబాయ్స్ మెసేజ్ ఇంక నాకు పంపకండి

ఈ వారంలో ఇది నాలుగోసారి. మొదట కాలేజీ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, తర్వాత ఇక్కడ డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కో తెలుగువాళ్ల గ్రూపులో. చివరికి గుంటూరు నుంచి మా బావగారు కూడా "మీ ఊరి టీమే కదా" అంటూ పంపారు. "డల్లాస్ కౌబాయ్స్: ప్రపంచంలోనే ఖరీదైన టీమ్ వెనక 5 రహస్యాలు" అని హెడ్డింగు, చుట్టూ నిప్పు ఎమోజీలు. తెలియనివాళ్లకి: కౌబాయ్స్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో ఆడే టీమ్. చదవకుండా పంపినవాళ్లని వదిలేస్తున్నాను. చదివి కూడా పంపినవాళ్ల కోసం ఇది.

మొదటి రహస్యమట, "గెలిచే టీమ్‌కే విలువ". ఈ మాట కౌబాయ్స్ గురించి రాయడానికి ఎంత ధైర్యం కావాలి! వాళ్లు ఆఖరిసారి సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, గెలిచింది 1996 జనవరిలో. ఆ రోజు పుట్టిన పిల్లలకి ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు. 2020 నుంచి 2024 లోపు మూడుసార్లు గెలిచిన కాన్సస్ సిటీ చీఫ్స్ మాత్రం, టీములకి విలువ కట్టే ఫోర్బ్స్ పత్రిక 2024 లెక్కలో కింది సగంలో ఉంది.

రెండోది స్టార్ ప్లేయర్లు. జీతాల మొత్తానికి లీగ్ పెట్టిన సీలింగ్ 32 టీములకీ ఒకటే, డబ్బు కుమ్మరించి స్టార్లందర్నీ కొనేయడం కుదరదు. తర్వాత.

మూడోది, "పెద్ద ఊరి టీమ్‌కి టీవీ డబ్బు ఎక్కువ వస్తుంది". రాదు. దేశమంతటా చూపించే మ్యాచుల కాంట్రాక్టుల డబ్బు లీగే వసూలు చేసి అందరికీ సమానంగా పంచుతుంది. ఎంతో కూడా తెలుసు. గ్రీన్ బే ప్యాకర్స్‌కి ఓనరంటూ ఒకడు లేడు, అభిమానుల షేర్లతో నడుస్తుంది కాబట్టి ఏటా లెక్కలు బయటపెడుతుంది. 2024 సీజన్‌కి లీగ్ నుంచి వాళ్ల వాటా 43 కోట్ల డాలర్ల పైచిలుకు. ఆ ఏడాది జీతాల సీలింగ్ 25.5 కోట్లు. ఒక్క టికెట్టు తెగకముందే జీతాలు పోను ఇంకా మిగిలిందన్నమాట. లక్ష చిల్లర జనాభా ఉన్న గ్రీన్ బేకీ డల్లాస్‌కీ అదే వాటా.

తేడా వచ్చేదల్లా పంచుకోనక్కర్లేని డబ్బులో. లగ్జరీ సూట్లు (స్టేడియంలో అద్దెకిచ్చే ఖరీదైన గదులు), స్పాన్సర్లు, స్టేడియానికి పేరు పెట్టుకునే హక్కు, పార్కింగ్. పెద్ద ఊళ్లో సూట్లు కొనే కంపెనీలుంటాయి, ఊరి వల్ల లాభం అక్కడ. ర్యామ్స్ టీమ్‌ని చూడండి. 2015లో సెయింట్ లూయిస్‌లో ఉన్నప్పుడు ఫోర్బ్స్ కట్టిన విలువ 145 కోట్ల డాలర్లు. 2016లో లాస్ ఏంజెలెస్‌కి మకాం మార్చగానే 290 కోట్లు. ఆ సీజన్‌లో వాళ్లు 16 మ్యాచులాడి నాలుగు గెలిచారు.

నాలుగోది, "ఓనర్ బుర్ర". దీన్ని కూడా తిడదామనే కూర్చున్నాను. కానీ ఇది నిజం. జెర్రీ జోన్స్ 1989లో దాదాపు 14 కోట్ల డాలర్లకు కొన్న టీమ్‌కి 2025లో ఫోర్బ్స్ 1,300 కోట్లు కట్టింది. లీగ్‌కి కోక్‌తో ఒప్పందం ఉండగానే 1995లో ఈయన స్టేడియం తరఫున పెప్సీతో విడిగా సంతకం పెట్టాడు, ఆ వెంటనే నైకీతో. లీగ్ 30 కోట్ల డాలర్లకు దావా వేస్తే ఎదురు దావా వేశాడు. చివరికి రాజీ కుదిరింది, విడి ఒప్పందాలు నిలబడ్డాయి. ఉమ్మడి కుటుంబంలో ఉంటూనే వేరే పొయ్యి పెట్టుకున్నాడు. మిగతా ఓనర్లు ఆ పొయ్యి చూసే వంట నేర్చుకున్నారు.

మా నాన్నగారు వచ్చినప్పుడు కౌబాయ్స్ ఇప్పటి స్టేడియం టూర్‌కి తీసుకెళ్లాను. పైన వేలాడే 160 అడుగుల స్క్రీన్ వంక చాలాసేపు చూసి, "ఇంత దూరం వచ్చి మళ్లీ టీవీయే చూస్తార్రా?" అన్నారు. చూస్తారు నాన్నా, డబ్బిచ్చి మరీ.

ఇక అయిదోది. "స్టేడియానికి ప్రభుత్వం పెట్టే ప్రతి డాలరూ ఊరికి రెట్టింపై తిరిగొస్తుంది, మన ప్రభుత్వాలు కూడా నేర్చుకోవాలి." నాకు అసలు మండింది ఇక్కడే.

ఏం నేర్చుకోవాలి? కౌబాయ్స్ స్టేడియం ఉన్న ఆర్లింగ్టన్‌లో 2004లో ఓటింగ్ పెట్టి, అర శాతం అమ్మకం పన్ను, పైన హోటల్ గదుల మీద, అద్దె కార్ల మీద పన్ను వేసి, ఊరు 32.5 కోట్ల డాలర్లు పెట్టింది. ఊరికొచ్చే అద్దె ఏడాదికి 20 లక్షల డాలర్లు. స్టేడియం పేరు అమ్మితే వచ్చేదాంట్లో ఊరికి 5 శాతం, అదీ ఏటా 5 లక్షలు దాటకూడదు. ఇంతా చేస్తే ఇది మంచి ఒప్పందం! అనుకున్నదానికన్నా పెరిగిన ఖర్చంతా జోన్సే భరించాడు.

మిగతా ఊళ్ల సంగతి వినండి. సెయింట్ లూయిస్ ప్రజల పేరున బాండ్లతో అప్పు తెచ్చి ర్యామ్స్ ఆడిన స్టేడియం కట్టింది, 1995లో తెరిచారు. ఒప్పందంలో ఒక షరతు ఉంది: పదేళ్లకోసారి చూసుకున్నప్పుడు ఆ స్టేడియం లీగ్‌లో పై పావు వంతులో ఉండాలి, లేకపోతే టీమ్ దారి టీమ్‌ది. 2016లో టీమ్ వెళ్లిపోయింది. బాండ్ల వాయిదాలు ఆ తర్వాత కూడా జనమే కట్టారు. సిన్సినాటిలో అయితే బెంగాల్స్ స్టేడియం కోసం 1996లో అమ్మకం పన్ను పెంచారు. ఇళ్ల పన్ను తగ్గిస్తామని ఆశపెట్టి ఓట్లడిగారు, తర్వాత ఆ తగ్గింపులోనే కోత పెట్టారు. స్టేడియం ఖాతాలో పడ్డ బొక్క పూడ్చడానికి కౌంటీ (మన జిల్లా లాంటిది) ప్రభుత్వం తన ఆసుపత్రిని అమ్మింది. ఆసుపత్రిని! ఇంత చేసినా 2025 ఫోర్బ్స్ జాబితాలో ఆ టీమ్‌ది అట్టడుగు స్థానం.

రెట్టింపు ఎక్కణ్నుంచి వస్తుంది? లీగ్ మ్యాచులు ఊళ్లో ఏడాదికి ఎనిమిదో తొమ్మిదో. ఆదివారం కుటుంబమంతా స్టేడియంలో ఖర్చుపెట్టిన డబ్బు ఆ నెల ఊళ్లో ఏదో ఒక హోటల్‌కి రాకుండా పోయిన డబ్బే. స్టేడియం మీద పెట్టిన ప్రజల డబ్బు ఊరికి గిట్టదని ఆర్థికవేత్తలు దాదాపుగా ఒకే మాట మీదున్నారు, వాళ్ల మధ్య అది మామూలుగా జరిగే పని కాదు.

చీఫ్స్ 2024 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచింది. ఆ ఊపులో ఏప్రిల్‌లో స్టేడియాల కోసం అమ్మకం పన్ను మీద ఓటింగ్ జరిగితే ఆ టీమ్ స్టేడియం ఉన్న జాక్సన్ కౌంటీ ఓటర్లలో 58 శాతం వద్దన్నారు. పాపం వాళ్లకి ఈ మెసేజ్ అందినట్టు లేదు. బావగారూ, నంబర్లు దొరికితే ఓసారి పంపండి.