తొండి ఆడని జాంబీలు

ఇంజనీరింగ్ హాస్టల్లో కౌంటర్ స్ట్రైక్ 1.6 అనే కంప్యూటర్ షూటర్ గేమ్ ఆడే రోజుల్లో మాకో రూల్ ఉండేది. రెండు టీముల్లోనూ చెరొకడే మిగిలితే తుపాకులు పక్కన పెట్టి కత్తులతో తేల్చుకోవాలి. గేమ్ సెట్టింగుల్లో ఇలాంటిదేమీ లేదు. మిగిలినవాళ్లలో ఒకడు కీబోర్డు మీద 3 నొక్కి కత్తి తీసి, పక్కనున్న గోడను రెండు దెబ్బలు కొట్టేవాడు. ఆ చప్పుడు విని రెండోవాడూ కత్తి తీసేవాడు. అప్పటికే చచ్చిపోయి స్క్రీన్ చూస్తూ కూర్చున్న మేమంతా ఊపిరి బిగబట్టేవాళ్లం.

ఒక రాత్రి ఒకడు అలాగే గోడ కొట్టి పిలిచాడు, అవతలివాడు కత్తి పట్టుకుని ఎదురు రాగానే డీగిల్ పిస్టల్ తీసి కాల్చేశాడు. రౌండ్ అతని టీముకే వచ్చింది, స్కోర్ బోర్డు మీద పాయింటూ పడింది. గదిలో మాత్రం "తొండి, తొండి" అని ఒకటే గోల. ఆ వారమంతా అతన్ని ఎవరూ ఆటకు పిలవలేదు. అతను బాధపడింది పోయిన పాయింటుకు కాదు, వచ్చిన పాయింటుకు.

ఆన్‌లైన్ షూటర్ గేములంటే కాల్చుకోవడం, తిట్టుకోవడం, టైమ్ వేస్ట్ అనే మాట మన ఇళ్లలో రోజూ వినేదే. ఆ గేముల లోపల ఆటగాళ్లు తమకు తాముగా కట్టుకున్న ఆటల సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. తయారు చేసిన కంపెనీకి తెలియకుండా, ఒక్క లైను కోడ్ మార్చకుండా, వట్టి మాట మీద నడిచిన ఆటలవి. నా దృష్టిలో ఈ ముప్పై ఏళ్ల షూటర్ గేముల చరిత్రలో అన్నిటికన్నా విలువైన భాగం అదే. ఇప్పుడు ఆ భాగానికే చోటు కరువవుతోంది.

దీనికి హేలో 2 కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. 2004 నవంబరులో ఎక్స్‌బాక్స్ కోసం బంగీ స్టూడియో తెచ్చిన గేమ్ అది. అందులో జాంబీ మోడ్ అనేది లేదు. గేమ్‌కు తెలిసిందల్లా టీములు, తుపాకులు, చంపితే పాయింటు. అయినా ప్రైవేటు మ్యాచుల్లో జాంబీ ఆట ఊపందుకుంది. ఒకరో ఇద్దరో జాంబీలు, వాళ్లది ఆకుపచ్చ టీము. వాళ్లు కత్తి తప్ప ఏదీ వాడకూడదు. మిగతావాళ్లు మనుషులు, వాళ్ల దగ్గర తుపాకులుంటాయి. జాంబీ చేతిలో చచ్చినవాడు వెంటనే మెనూ తెరిచి, తన టీమును తానే ఆకుపచ్చకు మార్చుకుని జాంబీ అయిపోవాలి.

ఇక్కడ కాసేపు ఆగి చూడాలి. మెనూ తెరవమని గేమ్ అడగదు. తెరవకపోతే శిక్షా లేదు. చచ్చినవాడు మళ్లీ తుపాకీతో మనిషిగానే పుడతాడు, కావాలంటే అలాగే కాలుస్తూ పోవచ్చు. నేల మీద పడి ఉన్న తుపాకీని జాంబీ తీసుకున్నా ఆపే దిక్కు లేదు. ముఖం చూడని, ఊరు తెలియని పదిమంది, ఎక్కువగా కుర్రాళ్లే, చచ్చిన ప్రతిసారీ బుద్ధిగా మెనూ తెరిచి అవతలి జట్టులోకి నడిచి వెళ్లారు. మన వీధుల్లో పంటలు వేసి దొంగను తేల్చుకుని, దొంగ ముట్టుకున్నవాడూ దొంగే అని పరుగెత్తిన ఆట ఎలా నడిచిందో, ఇదీ అలాగే నడిచింది. ముట్టుకున్నా "తగల్లేదు" అని బుకాయించేవాడు అక్కడా ఉంటాడు, ఇక్కడా ఉంటాడు. వాణ్ని అందరూ కలిసి బయటికి పంపేస్తారు.

బంగీ దీన్ని గమనించింది. 2007లో వచ్చిన హేలో 3లో ఇదే ఆటను ఇన్ఫెక్షన్ పేరుతో అధికారిక మోడ్‌గా పెట్టింది. చచ్చినవాడి టీము ఇక దానంతటదే మారిపోతుంది. ఇది మంచి పనే. కొత్తవాళ్లకు రూల్స్ వివరించే బాధ తప్పింది, తొండికి తావు లేకుండా పోయింది. దాంతోపాటు, తానుగా మెనూ తెరిచే ఆ చిన్న నిజాయతీకీ పని లేకుండా పోయింది. అయితే బంగీ ఆటను తీసుకుని ఊరుకోలేదు. మ్యాపును ఆటగాళ్లే మార్చుకునేలా ఫోర్జ్ అనే సాధనాన్ని అదే గేములో ఇచ్చింది. దాంతో గ్రిఫ్‌బాల్ లాంటి కొత్త ఆటలు పుట్టాయి, సుత్తులతో కొట్టుకుంటూ బాంబును అవతలి గోల్‌కు చేర్చే ఆట అది. ఒకటి తీసుకుని పది పుట్టే చోటు ఇవ్వడమంటే ఇదీ. తర్వాత వచ్చిన కంపెనీల్లో చాలావాటికి ఈ బుద్ధి లేకపోయింది.

కాల్ ఆఫ్ డ్యూటీ అనే షూటర్ గేములో మైకేల్ మైయర్స్ అనే ఆట ఉండేది. హారర్ సినిమా హంతకుడి పేరు పెట్టి, ఒకడికి కత్తి ఇచ్చి మిగతావాళ్లంతా తుపాకీ పేల్చకుండా దాక్కునే దాగుడుమూతలు. చివరికి 2014లో కాల్ ఆఫ్ డ్యూటీ ఘోస్ట్స్ డీఎల్‌సీ అనే అదనపు ప్యాక్‌లోకి ఆ హంతకుడే పాత్రగా వచ్చేశాడు. దాగుడుమూతల్లోని హంతకుడు డబ్బు పెట్టి కొనుక్కునే సరుకులోకి చేరాడు.

గన్ గేమ్ కథ ఇంకో రకం. ఒక్కో హత్యకు ఒక్కో కొత్త తుపాకీ, చివర కత్తితో చంపినవాడు విజేత. కౌంటర్ స్ట్రైక్ సర్వర్ల మీద అభిమానులు మాడ్‌గా, అంటే గేమ్‌కు సొంతంగా చేసుకున్న మార్పుగా, రాసుకున్న ఆట ఇది. 2012లో వచ్చిన కౌంటర్ స్ట్రైక్ కొత్త గేమ్ సీఎస్‌జీఓలో వాల్వ్ కంపెనీ దాన్ని ఆర్మ్స్ రేస్‌గా పెట్టింది. 2023 సెప్టెంబరులో సీఎస్‌జీఓ స్థానంలో కౌంటర్ స్ట్రైక్ 2 వచ్చినప్పుడు ఆర్మ్స్ రేస్ అందులో లేదు. 2024 ఫిబ్రవరిలో తిరిగొచ్చింది. ఆటగాళ్లు పుట్టించిన ఆట, అది లేకుండా నెలల పాటు ఆటగాళ్లే ఎదురుచూశారు. కంపెనీ చేతికి వెళ్లిన ఆట ఎప్పుడు ఉండాలో, ఎప్పుడు పోవాలో కంపెనీయే చెబుతుంది.

ఇదంతా గేమ్ పిచ్చోళ్ల గొడవ అనుకునేవాళ్లు పబ్జీని గుర్తు చేసుకోవాలి. ఐర్లాండ్‌కు చెందిన బ్రెండన్ గ్రీన్ 2013లో ఆర్మా 2 అనే గేమ్, దాని డేజెడ్ మాడ్ మీద సొంతంగా కట్టుకున్న బ్యాటిల్ రాయల్ (చివరికి ఒక్కడే మిగిలేదాకా సాగే ఆట) నుంచి పుట్టిన గేమ్ అది. 2017లో పబ్జీ, మరుసటి ఏడాది పబ్జీ మొబైల్ వచ్చాయి. 2020 సెప్టెంబరు 2న మన ప్రభుత్వం నిషేధించిన 118 యాప్‌లలో అదీ ఒకటి. కౌంటర్ స్ట్రైక్ కూడా 1999లో హాఫ్ లైఫ్ అనే గేమ్‌కు ఇద్దరు కుర్రాళ్లు చేసిన మాడే. టీమ్ ఫోర్ట్రెస్ 1996లో క్వేక్ అనే గేమ్ మీద పుట్టింది. కంపెనీలు కోట్లు గడించిన ఆటల్లో ఎన్నో అనధికారంగా మొదలైనవే. అప్పట్లో సర్వర్ ఆటగాళ్లది. ఎవరి కంప్యూటర్ మీద వాళ్లు నడుపుకునేవారు, ఇష్టం వచ్చిన రూల్ పెట్టుకునేవారు.

2009లో కాల్ ఆఫ్ డ్యూటీ మోడర్న్ వార్‌ఫేర్ 2 పీసీ వెర్షన్‌కు ఆటగాళ్లు అలా సొంతంగా నడుపుకునే డెడికేటెడ్ సర్వర్లు ఉండవని ప్రకటించినప్పుడు లక్షకు పైగా సంతకాలతో పిటిషన్ పెట్టారు. ఫలితం లేదు. ఇప్పుడు ఎక్కువ గేముల్లో ప్లే బటన్ నొక్కితే ముక్కూమొహం తెలియని తొమ్మిది మందితో కలుపుతారు, మ్యాచ్ అవగానే విడగొడతారు. రూల్ పెట్టుకోవాలంటే ముందు నలుగురు ఒక చోట నిలబడాలి కదా. పక్కవాడి పేరు చదివే లోపే మ్యాచ్ అయిపోతే ఒప్పందం ఎవరితో చేసుకుంటాం? పైగా గెలవడానికి ఆడకపోతే రిపోర్ట్ కొట్టేస్తారనే టెన్షన్ ఒకటి.

ఆ రిపోర్ట్ కొట్టేవాడి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. టీమ్ ఫోర్ట్రెస్ 2లో ఫ్రెండ్లీలని ఒక వర్గం ఉంది. పబ్లిక్ సర్వర్లో తుపాకీ పక్కన పెట్టి డాన్సులు చేస్తారు, శత్రువుకు శాండ్‌విచ్ ఇస్తారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ రోజంతా పని చేసి వచ్చి, గెలుద్దామని కూర్చున్నవాడికి తన టీములో సగం మంది నాట్యం చేస్తుంటే మండదా? వాడు ఆ ఒప్పందంలో లేడు. పదిమందీ ఒప్పుకున్నప్పుడే అది ఆట, ఒప్పుకోనివాడి మీద రుద్దితే అదీ తొండే. అందుకే ఈ ఆటలకు వేరే గది కావాలి, ఆ గది తలుపు తెరిచి ఉండాలి.

ఫోర్ట్‌నైట్ 2018 డిసెంబరులో క్రియేటివ్ పేరుతో అలాంటి గదే ఇచ్చింది. అక్కడ ఆటగాళ్లు కట్టిన జోన్ వార్స్ మరుసటి ఏడాది అధికారిక మోడ్ అయింది కూడా. ఇది మంచి దారే. కాకపోతే అందులో మ్యాప్ కట్టేవాడు ఒకడు, ఆడేవాళ్లు వేలమంది. వాళ్లు తయారైన రూల్‌లోకి దిగుతారు, రూల్ కోసం వాదించుకోరు. నేను అడిగేది ఇంకా చిన్నది, ఇంకా చవకైనది. ప్రైవేటు రూమ్ ఉచితంగా ఉండాలి. మ్యాచ్ మధ్యలో టీము మారే వీలుండాలి. గేమ్‌ను మూసేసేటప్పుడు సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను ఆడినవాళ్లకు వదిలెయ్యాలి.

మొన్న సెలవులకు వెళ్లినప్పుడు మా అక్క కొడుకు పబ్జీ మొబైల్ భారత వెర్షన్ బీజీఎంఐలో రూమ్ పెట్టాడు. "ఓన్లీ ఎం24, గ్రనేడ్ లేదు, మెట్ల మీద కూర్చోకూడదు" అని మైకులో ఒకటికి రెండుసార్లు చెప్పాడు. పక్కింటి పిల్లాడి ఫోన్ మరీ పాతది, వాడు ఆటలో అరటిపండు. వాణ్ని ఎవరూ ముందుగా కాల్చకూడదట. కాసేపటికి మావాడి వేలు తగిలి గ్రనేడ్ వెళ్లిపోయి అవతల ఒకడు చచ్చాడు. ఎవరూ ఏమీ అనకముందే "సారీ రా, తగిలింది" అన్నాడు. అవతలివాడు మళ్లీ పుట్టి వచ్చేదాకా తుపాకీ దించి కంటెయినర్ పక్కన కదలకుండా నిలబడ్డాడు. ఒక్క బుల్లెట్‌తో లెక్క సరిపోయింది. రెండు మ్యాచులయ్యాక, రూమ్ పెట్టడానికి కావలసిన రూమ్ కార్డు అయిపోయింది. అందరూ మళ్లీ మామూలు మ్యాచులోకి, తెలియనివాళ్ల మధ్యకు వెళ్లిపోయారు.