మాల్‌కు కారు చుట్టం, బస్సు పరాయి

విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండ్‌లో మెట్లెక్కితే సినిమా హాళ్లున్నాయి. ఆర్టీసీ తన స్థలాల్లో షాపులకూ థియేటర్లకూ చోటివ్వడం కొత్తేమీ కాదు. మరి ఆర్టీసీ బస్సుకు తన ఆవరణలో చోటిచ్చిన మాల్ ఏదైనా ఉందా? హైదరాబాద్ శివార్లలో నేను తిరిగిన మేరకు ఒక్కటీ కనిపించలేదు.

సింగపూర్ పడమటి వైపు బూన్ లేలో 2009 నుంచి బస్టాండ్ జురాంగ్ పాయింట్ మాల్‌తో కలిసే ఉంది. కూరగాయల సంచి పట్టుకుని ఎండ తగలకుండా నడిచి, ఏసీలో నిలబడి బస్సెక్కుతారు. అక్కడే టోవా పయోలో ఇలాంటిది 2002లోనే వచ్చింది. ‘అది సింగపూర్ అండీ’ అంటారు. మరి ఎస్కలేటర్లూ ఫుడ్ కోర్టులూ ఇక్కడికి తెచ్చుకున్నప్పుడు ఆ మాట ఎవరికీ గుర్తు రాలేదే!

మొన్న ఆదివారం కూకట్‌పల్లి వైపు ఒక మాల్ ముందు నిలబడ్డాను. గార్డు విజిలేసి కార్లను ర్యాంపు మీదికి పంపిస్తున్నాడు. గేటు దగ్గర బస్సు ఆగబోతే అదే విజిల్‌తో ముందుకు తోలాడు. బస్సు వెళ్లి రోడ్డు మధ్యలో ఆగింది. చంకలో పిల్లాడు, చేతిలో రెండు సంచులతో ఒకావిడ బైకుల మధ్య నుంచి పరిగెత్తింది. ‘తొందరగా రామ్మా’ అని కండక్టర్ కేక. ట్రాఫిక్ జామ్‌కి తిట్లు మాత్రం డ్రైవర్‌కే.

గజం లక్షలు పలికే చోట బస్సులకు జాగా ఎలా ఇస్తామని బిల్డర్లు అడుగుతారు. సబబే. కానీ కార్ల కోసం రెండు మూడు సెల్లార్లు తవ్వింది కూడా అదే గజం కింద కదా! కట్టడానికి అనుమతి కావాలంటే పార్కింగ్ చూపించాల్సిందేనని రూలు ఉంది కాబట్టి తవ్వారు. బస్సు పక్కకొచ్చి ఆగే బస్ బే కూడా చూపించాల్సిందే అంటే అదీ కడతారు.

అసలు రూల్స్ ఎవరి కోసం పుడుతున్నాయో చూడండి. 2018లో తెలంగాణ ప్రభుత్వం మాల్ పార్కింగ్‌పై జీవో తెచ్చింది. మొదటి అరగంట ఫ్రీ, బిల్లు చూపిస్తే గంట దాకా ఫ్రీ. మంచిదే, కారున్నవాళ్ల జేబు గురించి ఆలోచించారు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణమూ ఉచితమే. కానీ టికెట్ డబ్బులు మిగిలిన మనిషికి బస్సొచ్చేదాకా కూర్చోడానికి బల్ల లేదు, నీడ లేదు, బాత్రూమ్ లేదు. మన ఊళ్లలో ప్లానింగంటే బండ్ల లెక్కే. నలభై మంది దిగిన బస్సూ ఒక బండే, ఒక్కడు దిగిన కారూ ఒక బండే.

మాల్‌కి బస్సులో వచ్చేది కస్టమర్లు మాత్రమే కాదు. రాత్రి పదింటికి షట్టర్లు పడ్డాక వెనక గేటు నుంచి సేల్స్ అమ్మాయిలు బయటికొస్తారు. రోజంతా నిలబడే పని. మెట్రో పిల్లర్ కింద మళ్లీ నిలబడి, దూరంగా వచ్చే బస్సు నంబరు కనబడక ఫోన్ లైటు ఊపుతుంటారు. ఆ వేళకు మాల్ సెల్లార్ దాదాపు ఖాళీ, లైట్లు మాత్రం వెలుగుతూనే ఉంటాయి.