దిబ్బరొట్టెలో రెండో ముక్క

హైదరాబాదులో నా మాట ఆఫీసులోనూ చెల్లదు, ఇంట్లోనూ చెల్లదు. పాలకొల్లులో మాత్రం, మా మావగారి ఇంటి అరుగు మీద, నేను షేర్ మార్కెట్ నిపుణుణ్ణి. ఈ హోదా వెనక పెద్ద కథేం లేదు. ఒక సంక్రాంతికి భోజనాలయ్యాక ఫోన్లో నా సిప్, అంటే మ్యూచువల్ ఫండులో నెలనెలా వేసే వాయిదా, చూసుకుంటుంటే మావయ్యగారు పక్కనుంచి తొంగిచూశారు.

"ఆ ఆకుపచ్చ అంకె ఏవిటండి అల్లుడుగారూ?"

"లాభం అండి."

అంతే. సాయంత్రానికి అరుగు మీద ఆరు కుర్చీలు పడ్డాయి. మధ్యలో ఏడోది నాకు.

గోదావరి జిల్లాల్లో అల్లుడికి చేసే మర్యాద గురించి అందరికీ తెలుసు. అందులో ఉన్న ప్రమాదం అల్లుళ్లకే తెలుసు. అల్లుడు ఏం చెప్పినా కాదనరు. "ఆయ్" అంటారు. అర్థమైతే ఆయ్. కాకపోతే ఇంకాస్త గట్టిగా ఆయ్.

మొదటి ప్రశ్న ఎరువుల కొట్టు బాబాయిగారిది. ఆయన ముప్పై ఏళ్లుగా చీటీలు కడుతున్నారు, కట్టిస్తున్నారు. "నెలనెలా కట్టాలన్నారు, బావుంది. మరి ఈ సిప్పు పాట ఏ తారీఖునండి?"

పాట ఉండదన్నాను. ఎవరి డబ్బు వాళ్లదే, ఆ రోజు ఉన్న రేటుకి ఎప్పుడైనా తీసుకోవచ్చన్నాను. 

"అలాగేనండి. కానీ నాకు పెద్దమ్మాయి పెళ్లుంది, మూడో నెల పాట కావాలి." 

మూడో నెలకి మూడు వాయిదాల డబ్బే ఉంటుంది, అది పెరగొచ్చు, తగ్గనూవచ్చు అన్నాను. 

"ఆయ్. తోటి సభ్యులెంతమందండి?" 

లక్షల్లో ఉంటారన్నాను. ఆయన ముఖంలో రక్తం ఇంకిపోయింది. ఇరవై మంది సభ్యుల్లో ఒక్కడు ఎగ్గొడితే ఆర్నెల్లు తిరిగిన మనిషి.

వెనక వీధి పిన్నిగారిది వేరే గొడవ. "కొత్త ఫండు వచ్చిందిట నాన్నా, యూనిట్టు పది రూపాయలే. నువ్వు చెప్పినదేమో నాలుగొందలు. చవగ్గా ఉన్నప్పుడు కొనేసుకోవాలి కదా?" 

నేను కాగితం, పెన్ను తెప్పించాను. 10 రూపాయల యూనిట్లు 1,000 కొన్నా, 400 రూపాయల యూనిట్లు 25 కొన్నా పెట్టింది 10,000 రూపాయలే పిన్నిగారూ. రెండూ పది శాతం పెరిగితే రెండు చోట్లా 11,000 అవుతుంది. ఫండు కొత్తదైతే మొదలు 10 దగ్గరే పెడతారు, అది రేటు కాదు, పేరు పెట్టడం లాంటిది. 

పిన్నిగారు లెక్క రెండుసార్లు చూసుకుని, "నిజమే. కానీ మా తోడికోడలితో చెప్పుకోడానికి ఇరవయ్యైదు కంటే వెయ్యి బావుంటుంది కదా" అన్నారు. దీనికి జవాబు నాకు ఇప్పటికీ తట్టలేదు.

రిటైరైన డ్రిల్లు మాస్టారిది అసలైన బాధ. బ్యాంకు ఎఫ్‌డీలో 5 లక్షల దాకా ఇన్సూరెన్స్ ఉంటుందని ఆయనకి తెలుసు. ఫండుకి అది లేదు కాబట్టి, కనీసం ప్రభుత్వ బాండ్లు మాత్రమే కొనే ఫండైతే భద్రమని 2022 మొదట్లో అందులో వేశారు. ఆ ఏడాది మే నుంచి రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే తను బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీని, 4 శాతం నుంచి పెంచుకుంటూ పోయి, మరుసటి ఏడాది ఫిబ్రవరికల్లా 6.5 చేసింది. మాస్టారి ఫండు విలువ తగ్గింది. "ప్రభుత్వం మునిగిపోయిందా అండి?" అని రహస్యంగా అడిగారు, ఎవరికైనా తెలిస్తే కంగారు పడతారని.

"మాస్టారూ, మీ దగ్గర 7 లీటర్లిచ్చే గేదె ఉంది. లక్ష పెట్టి కొన్నారు. ఇవాళ సంతలో అదే లక్షకి 8 లీటర్లిచ్చే గేదె దొరుకుతోంది. మీ గేదెని లక్షకి ఎవరైనా కొంటారా?"

"కొనరు."

"అంతేనండి. గేదె చావలేదు, పాలూ తగ్గలేదు. రేటు తగ్గింది."

"అయితే నేనమ్మనండి. పాలు పిండుకుంటాను."

చూశారా, అరుగు మీద ఆ రోజు వినబడ్డ అన్నిటికన్నా తెలివైన మాట అదే. విడిగా బాండు కొనుక్కుంటే సరిగ్గా అదే చెయ్యొచ్చు. 2021 నవంబరు నుంచి రిటైల్ డైరెక్ట్ పేరుతో రిజర్వు బ్యాంకే మనలాంటివాళ్లకి ఆ సదుపాయం పెట్టింది. ఏడాదికి రెండుసార్లు వడ్డీ, గడువు తీరాక అసలు. ఫండులో మాత్రం రోజూ సాయంత్రం గేదెకి రేటు కట్టి చెప్తారు. ఈ మాట వినగానే మాస్టారు, "రోజూ కడతారా? దానికి దిష్టి తగలదూ!" అన్నారు.

ఇలా మూడు సంక్రాంతులు గడిచాయి. నా జవాబులన్నీ సరైనవే. ఆ ధీమాతోనే మావగారి చేత షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతా తెరిపించాను. ఆయన కరెంటాఫీసులో యూడీసీగా, అంటే సీనియర్ గుమాస్తాగా, రిటైరయ్యారు. పద్ధతి మనిషి. 1,310 రూపాయల లెక్కన వంద షేర్లు, ఒకే కంపెనీవి, కొన్నారు. ఖాతా తెరిచే రోజున ఆయన ఫోను రిపేరులో ఉంది కాబట్టి అత్తగారి నంబరిచ్చాం. ఈ విషయం గుర్తుపెట్టుకోండి.

మావగారి గుండె గట్టిదని నాకు ఎందుకు నమ్మకం కుదిరిందో కూడా చెప్పాలి. 2024 జూన్ 4న సెన్సెక్స్ ఒక్కరోజులో 4,389 పాయింట్లు పడింది. హైదరాబాదులో నాకు మజ్జిగ కూడా దిగలేదు. భయంభయంగా ఫోన్ చేస్తే ఆయన హుషారుగా ఎత్తి, "మన పక్క నియోజకవర్గం పదో రౌండు వచ్చిందండి, చూశారా?" అన్నారు. ఆరోజే ఆంధ్రప్రదేశ్ ఎన్నికల కౌంటింగు. టీవీలో కింద ఎర్రగా పరిగెడుతున్న సెన్సెక్స్ స్క్రోలింగు ఆయన కంట్లో పడనేలేదు. మర్నాటికి మార్కెట్టు అందులో సగానికి పైగా కోలుకుంది. నేను మాత్రం మా మావగారు స్థితప్రజ్ఞులని అందరికీ చెప్పుకున్నాను. కౌంటింగు లేని రోజున ఎలా ఉంటారో ఆలోచించలేదు.

పోయిన వేసవిలో ఆ కంపెనీ బోనస్ ప్రకటించింది. ఒకటికి ఒకటి. మేం అప్పుడు పాలకొల్లులోనే ఉన్నాం. అత్తగారు దిబ్బరొట్టె చేశారు. మూకుడు అడుగున మందంగా, ఎర్రగా కాలిన రొట్టె. పక్కన కొబ్బరి పచ్చడి. నాలోని ఉపాధ్యాయుడు నిద్ర లేచాడు.

"మావయ్యగారూ, బోనస్ అంటే ఎవరూ ఉత్తినే ఏమీ ఇవ్వరు. ఇదిగో ఈ రొట్టె చూడండి." చాకుతో నడిమికి కోశాను. "ఇప్పటిదాకా ఒకటి, ఇప్పుడు రెండు. రొట్టె పెరిగిందా?"

"లేదండి."

"మీ వంద షేర్లు రెండొందలవుతాయి. ఒక్కోదాని ధర సగమవుతుంది. మొత్తం అంతే."

"ఆయ్" అన్నారు మావగారు. అత్తగారు మాత్రం, "రొట్టె కోసి చెప్పేంత సంగతి ఇందులో ఏముంది బాబూ, చల్లారిపోతోంది తినండి" అన్నారు.

నేను చెప్పినదాంట్లో ఒక్క తప్పూ లేదు. చెప్పనిదే ఒకటుంది. బోనస్ ఎవరెవరికి ఇవ్వాలో కంపెనీ పేర్లు ఖాయం చేసే రోజుని రికార్డు తేదీ అంటారు. ఇప్పుడున్న పద్ధతిలో ఆ ఉదయమే ధర సగానికి దిగుతుంది. బోనస్ షేర్లు ఖాతాలో కనబడి, అమ్ముకోవడానికి వీలయ్యేసరికి మరో రెండు పని రోజులు పడుతుంది. ఈ రెండు రోజులూ కంచంలో కనిపించేది సగం రొట్టే.

మంగళవారం, ఆ రికార్డు తేదీ. మావగారు పూజ ముగించి, విభూతి ఆరకముందే 9.15కి ఫోన్ తెరిచారు. ముందురోజు 1,484 ఉన్న షేరు 742. లాభం 17,400 చూపించిన చోట ఎర్రటి అక్షరాల్లో నష్టం 56,800. నేను రొట్టె కోసి చెప్పింది రెండు వారాల కిందటి మాట. ఆ వేళ కంచంలో రొట్టె లేదు, పాఠమూ లేదు.

నాకు ఫోన్ చేశారు. నేను మీటింగులో ఉన్నాను, ఫోన్ సైలెంటులో ఉంది. పదకొండు మిస్డ్ కాల్స్. పన్నెండోది చెయ్యకుండా ఆయన అమ్మేద్దామని నిశ్చయించుకున్నారు. "మిగిలిన సగమైనా దక్కించుకుందాం" అన్నారట. అమ్మడానికి కావాల్సిన టీపిన్ను క్యాలెండరు వెనక రాసుకున్నారు, దొరికింది. తర్వాత ఓటీపీ. అది అత్తగారి ఫోనుకి వెళ్లింది.

అత్తగారు వంటింట్లో గోంగూర వలుస్తున్నారు.

"నీ ఫోనుకి నంబరొచ్చింది, చెప్పు."

"చెప్పను."

"అదేవిటే?"

"ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని అల్లుడుగారన్నారు. బ్యాంకువాళ్లు అడిగినా చెప్పొద్దన్నారు."

"నేను బ్యాంకువాణ్ణా? నీ మొగుణ్ణి!"

"ఎవరికీ అంటే ఎవరికీనేనండి."

ఆ ఓటీపీ గడువు తీరిపోయింది. రెండోది వచ్చింది, అదీ తీరిపోయింది. ఆ ఇంట్లో పెట్టుబడి సూత్రాలు వంటబట్టిన ఏకైక వ్యక్తి మా అత్తగారేనని ఆవిడకి నేను తర్వాత చెప్పాను, అప్పటికి వేళ మించిపోయింది. మూడో ఓటీపీకి మావగారు గుమ్మం మీద కూలబడి కళ్లనీళ్లు పెట్టుకున్నారట. ఆవిడ కరిగిపోయి, కళ్లజోడు లేకుండా చదివారు. ఆరుని తొమ్మిదన్నారు. నాలుగోది కుదిరింది. వంద షేర్లూ 742కి పోయాయి.

పదిన్నరకి నేను చూసుకుని ఫోన్ చేశాను. వెనక చాలా గొంతులు. "అయిపోయిందండి" అన్నారు మావగారు, శ్మశానం నుంచి వచ్చిన మనిషి గొంతుతో. అరుగు మీద పరామర్శ జరుగుతోంది. పిన్నిగారు ఫ్లాస్కుతో కాఫీ తెచ్చారు. మాస్టారు, "ఎంతకి పోయాయండి?" అని అడుగుతుంటే, ఎవరో "సగానికి" అన్నారు, మెల్లగా.

నేను బోనస్ సంగతి చెప్పబోయాను. "మావయ్యగారూ, ఇంకో వంద వస్తాయండి…"

"ఊరుకోండి అల్లుడుగారూ. మీరు బాధపడకండి. మా తలరాత" అని ఆయనే నన్ను ఓదార్చి పెట్టేశారు. మా ఆవిడకి చెప్తే, "నాన్నకి ఇప్పుడేం చెప్పినా ఎక్కదు, రెండ్రోజులాగండి" అంది. ఆగడమే తప్పైంది.

గురువారం పొద్దున అత్తగారి ఫోనుకి మెసేజ్ వచ్చింది, మీ ఖాతాలో 100 షేర్లు జమ అయ్యాయని. మావగారు అది చదివి ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. నాకు ఫోన్ చేశారు. ఈసారి గొంతులో దుఃఖం లేదు, ధర్మం ఉంది.

"ఎవరివో వంద షేర్లు పొరపాటున మన ఖాతాలో పడ్డాయండి. పాపం, ఏ తల్లి బిడ్డో ఎంత ఏడుస్తున్నాడో. మనకొద్దు. ఎక్కడ అప్పజెప్పాలో చెప్పండి."

అప్పటికే ఉత్తరం కూడా రాసేశారు. చదివి వినిపించారు. "అయ్యా, తమ కార్యాలయపు పొరపాటు వలన మా ఖాతా యందు 100 షేర్లు అదనముగా జమపడినవి. కావున తాము దయయుంచి వెనుకకు తీసుకొని రశీదు ఇప్పించవలెనని ప్రార్థన." ముప్పై నాలుగేళ్ల యూడీసీ సర్వీసు ప్రతి అక్షరంలోనూ ఉంది. కరెంటు బిల్లు ఎక్కువొచ్చిందన్న ఫిర్యాదులు వేలకి వేలు చూసిన మనిషి, ఎక్కువ వచ్చినదాన్ని వెనక్కిచ్చే అర్జీ మొదటిసారి రాస్తున్నారు.

అరగంట పట్టింది నాకు. రొట్టె, చాకు, రెండో ముక్క, రెండు రోజులు. చేతిలో 74,200, ఖాతాలో 75,000 విలువైన వంద షేర్లు. పెట్టింది 1,31,000. మొత్తం మీద లాభమేనని చెప్పాను. అటువైపు చాలాసేపు నిశ్శబ్దం.

"అంటే ఆ ఏడ్చేవాణ్ణి నేనేనా అండి?"

అన్నట్టు ఆదాయపు పన్ను లెక్కలో ఆయన నిజంగానే 56,800 నష్టపోయారు. బోనస్‌గా వచ్చిన వంద షేర్లకీ కొన్న ధర సున్నా అని రాసుకుంటారు, రేపు అమ్మితే వచ్చినదంతా లాభమే. కాగితం మీద మంగళవారపు ఏడుపూ నిజమే, గురువారపు సంబరమూ నిజమే. ఈ ముక్క ఆయనకి చెప్పలేదు. ఒక రొట్టెకి ఇన్ని ముక్కలు చాలు.

మొన్న సంక్రాంతికి వెళ్లేసరికి అరుగు మీద కుర్చీలు ఆరు కాస్తా పది అయ్యాయి. మావగారికి షేర్లు ఉత్తినే వచ్చిన సంగతి వీధంతా తెలుసు, మంగళవారం సంగతి ఎవరికీ గుర్తులేదు. నేనింకా కూర్చోలేదు, ఎరువుల కొట్టు బాబాయిగారు నా వైపు చూశారు. మర్యాద తగ్గలేదు కానీ ఆ చూపులో మూడేళ్ల నిష్ఠూరం ఉంది.

"మీ మావగారికి వంద షేర్లు తగిలాయట కదండి. మరి పాట లేదని నాతో ఎందుకన్నారు?"